84 స్లయిడ్ల సేఫ్టీ క్లాసు: ఎవరూ నిద్రపోకుండా ఎలా చెప్పాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. బల్క్ డ్రగ్ (మందుల తయారీకి వాడే మూలపదార్థాలు) ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా చేరి ఏడు నెలలైంది. హెడ్డాఫీసు పంపిన 84 స్లయిడ్లతో ప్రతి నెలా రెండు గంటల క్లాసు చెప్పాలి. భోజనాలయ్యాక రెండింటికి మొదలు. ఆపరేటర్లు, హెల్పర్లు, కాంట్రాక్టు వర్కర్లు అంతా కలిపి నలభై మంది. పావుగంట గడిచేసరికి వెనక వరస కునుకు తీస్తోంది, ముందు వరస గడియారం చూస్తోంది. యానిమేషన్లు పెట్టాలా, వీడియోలు పెంచాలా, మధ్యలో జోకులు చెప్పాలా అని మీ ప్రశ్న.

నేను ఇరవై రెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ మూడు చోట్లా ఇలాంటి గదుల్లోనే క్లాసులు చెప్పాను. మీ గది నాకు కళ్లకు కడుతోంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

తమ్ముడూ, యానిమేషన్లు, వీడియోలు, జోకులు, ఆ మూడింటి జోలికీ ఇప్పుడే వెళ్లకండి. ముందు ఒక తెల్లకాగితం తీసుకుని ఒక్క ప్రశ్నకు జవాబు రాయండి: ఈ క్లాసు అయ్యాక బ్లాకులోకి, అంటే తయారీ జరిగే చోటికి వెళ్లిన మనిషి తన చేత్తో ఏ పనిని నిన్నటికన్నా వేరుగా చేయాలి? ‘అవగాహన పెరగాలి’ అని రాస్తే కొట్టేయండి. ‘డ్రమ్ము బిరడా తీయకముందే ఎర్తింగ్ క్లిప్ పెట్టాలి, రంగు లేని చోట పెట్టాలి’ అని రాయగలిగితే మీ దగ్గర చెప్పడానికి ఒక పాఠం ఉన్నట్టు. నలభై మందిని రెండు గంటలు కూర్చోబెట్టినా ఇలాంటి మాటలు మూడు, మహా అయితే నాలుగు పడతాయి. అంతకు మించి పట్టవు.

ఎర్తింగ్ క్లిప్ అంటే డ్రమ్ములో పేరుకునే స్టాటిక్ కరెంటును రవ్వ పుట్టకుండా నేలలోకి పంపే వైరు క్లిప్. దాని సంగతే ఎందుకు ఎత్తానో చెబుతాను. 2009లో నేనొక యూనిట్లో పనిచేసేవాణ్ణి. నాదీ మీలాంటి ఫైలే, 76 స్లయిడ్లు. అందులో స్టాటిక్ గురించి ఒక స్లయిడ్ ఉండేది. ఇంగ్లిషులో పద్నాలుగు లైన్లు, ఆరో లైను ‘ఎన్‌ష్యూర్ ప్రాపర్ బాండింగ్ అండ్ గ్రౌండింగ్’, అంటే ఎర్తింగ్ సరిగా ఉండేలా చూడండి అని. దాన్ని చదివి తెలుగులో అర్థం చెప్పి ముందుకు వెళ్లిపోయాను. క్లాసు చివర్లో అందరూ సంతకాలు పెట్టారు. వారం తర్వాత సాల్వెంట్ ఛార్జింగ్ (డ్రమ్ములోని ద్రావకాన్ని పంపుతో రియాక్టరు అనే పెద్ద పాత్రలోకి ఎక్కించే పని) దగ్గరికి వెళ్తే, ఆ క్లాసులో ముందు వరసలో కూర్చున్న ఆపరేటరే టాలుయీన్ అనే సాల్వెంట్ ఉన్న డ్రమ్ము మీద క్లిప్ పెట్టి పంపు ఆన్ చేయబోతున్నాడు. క్లిప్ పళ్లు అరిగిపోయి ఉన్నాయి. అది పట్టుకున్నది డ్రమ్ము అంచున ఉన్న మందపాటి నీలం రంగును. కింద ఇనుము దానికి తగలనే లేదు. ఆపమని అరిచాను. పంపు స్విచ్ వదిలేసి నా వైపు తిరిగి అతను అన్న మాట నాకింకా గుర్తుంది. ‘క్లిప్ పెట్టమన్నారు కదా సార్, పెట్టాను.’

అతని తప్పేమీ లేదు. నేను చెప్పింది చెప్పినట్టే చేశాడు. అసలు చెప్పాల్సింది నేను చెప్పలేదు. టాలుయీన్ ఫ్లాష్ పాయింట్ (దాని ఆవిరి నిప్పు అందుకోగల కనీస ఉష్ణోగ్రత) 4 డిగ్రీల సెల్సియస్. అంటే మన ఊళ్లలో ఏ రోజైనా, డిసెంబరు తెల్లవారుజామునైనా సరే, దాని ఆవిరి చిన్న రవ్వకు అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది. పైగా టాలుయీన్ కరెంటును సరిగా పోనివ్వదు కాబట్టి పైపులో పారుతున్నకొద్దీ ఛార్జి దానిలోనే పేరుకుంటుంది. ఈ రెండు మాటలూ, క్లిప్ ఎక్కడ పెట్టాలన్న మూడో మాటా ఆ పద్నాలుగు లైన్లలో ఎక్కడో ఉన్నాయి. ఉన్నా లేనట్టే.

ఆ వారమే ఆ స్లయిడ్ మార్చాను. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టమంటాను. పద్నాలుగు లైన్లూ తీసేశాను. తెర నిండా ఒకే ఫొటో: మా డ్రమ్ము, మా క్లిప్, రంగు మీద పెట్టింది. కింద ఒక్క లైను: ‘ఈ క్లిప్ పనిచేస్తుందా?’ దాని తర్వాతి స్లయిడ్లో అదే డ్రమ్ము, రంగు గీకిన చోట మెరుస్తున్న ఇనుమును పట్టుకున్న క్లిప్. అక్కడ అక్షరాలేమీ లేవు.

క్లాసుకు ఒక పాత డ్రమ్ము మూత, రెండు క్లిప్‌లు, ఎలక్ట్రికల్ వాళ్ల దగ్గర అడిగి తెచ్చిన మల్టీమీటరు పట్టుకెళ్లాను. ఫొటో చూపించి ‘పనిచేస్తుందా?’ అని అడిగితే ముప్పై మంది అవునన్నారు. ఒకతన్ని ముందుకు పిలిచి, మీటరును కంటిన్యుటీలో (కరెంటుకు దారి ఉంటే బీప్ మనే సెట్టింగులో) పెట్టి, ఒక కొన మూత వెనక ఇనుముకు, రెండో కొన క్లిప్‌కు ఆనించమన్నాను. క్లిప్ రంగు మీద ఉంది. చప్పుడు లేదు. గదంతా ఆ మీటరు వైపే చూస్తోంది. క్లిప్ తీసి గీకిన చోట పెట్టమన్నాను. బీప్ మంది. అంతే, ఆ రోజు ఎవరికీ నిద్ర రాలేదు. ముగ్గురు లేచి వచ్చి, తమ చేత్తో పెట్టి చూస్తామన్నారు. దీనికి పట్టిన టైము ఎనిమిది నిమిషాలు. అంతకుముందు ఆ స్లయిడ్‌కు నేను ఇచ్చింది నిమిషంన్నర.

కాబట్టి మీ 84 స్లయిడ్లను 84 పాఠాలుగా చూడకండి. వాటిలో రోజూ ప్రాణం మీదికి తెచ్చే పనులు ఏవో ఏరండి. మీ ప్లాంటులో పోయిన ఏడాది నియర్ మిస్ (త్రుటిలో తప్పిన ప్రమాదాల) రిజిస్టరు తిరగేస్తే అవే బయటపడతాయి. సాల్వెంట్ ఛార్జింగ్, ట్యాంకులోకి దిగడం, పైపులైను విప్పడం, ఎత్తు మీద పని. నెలకు ఒకటో రెండో తీసుకోండి.

‘హెడ్డాఫీసు ఒప్పుకోదు, ఆడిట్లో అన్ని టాపిక్కులూ చూపించాలి’ అంటారని తెలుసు. దానికీ దారి ఉంది. ఆ 84 స్లయిడ్ల ఫైలును పారేయకండి. ప్రింటు తీసి చదువుకునే పుస్తకంలా కట్టించండి, బ్లాకు ఆఫీసులో పెట్టించండి, ఆడిటరు అడిగితే అది చూపించండి. తెర మీదకు తెచ్చేది వేరే ఫైలు. చదవడానికి రాసింది, చూపించడానికి చేసింది ఒకటే కావాలని ఎవరూ అనలేదు. ఒకే ఫైలుతో రెండు పనులూ కానివ్వాలనుకోవడం వల్లే ఈ తిప్పలన్నీ. మీ మేనేజరుతో మాట్లాడేటప్పుడు ఇంకో సంగతి కూడా చెప్పండి. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో అప్పటి ఫ్యాక్టరీస్ యాక్టును సవరించి 111ఎ సెక్షన్ చేర్చారు. పనిలో తన ఆరోగ్యానికీ భద్రతకూ సంబంధించిన సమాచారం పొందడం, శిక్షణ పొందడం కార్మికుడి హక్కు అని అందులో రాశారు. సంతకాల కాగితం ఉన్నంత మాత్రాన ఆ సమాచారం అతనికి అందినట్టు కాదు.

ఇరికించిన స్లయిడ్ వల్ల ఏమవుతుందో పై అధికారులకు చెప్పాలంటే నేనెప్పుడూ అమెరికా అంతరిక్ష నౌక కొలంబియా షటిల్ సంగతే ఎత్తుతాను. 2003 ఫిబ్రవరి 1న అది తిరిగి వస్తూ ముక్కలైపోయింది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు పోయారు. పైకి ఎగిరేటప్పుడు ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ ముక్క రెక్కకు తగిలిందని కిందనున్న ఇంజనీర్లకు అప్పుడే తెలుసు. దాని మీద స్లయిడ్లు చేసి పై అధికారులకు చూపించారు. అందులో ఒక స్లయిడ్లో అన్నిటికన్నా అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న లైను ఏమిటంటే, పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, తగిలిన ముక్క అంచనా 1,920 ఘనపు అంగుళాలు. 640 రెట్లు! చేసిన పరీక్షలు ఈ దెబ్బకు సరిపోవని చెప్పే అసలు విషయం అదే. పైనున్న హెడ్డింగు మాత్రం ధైర్యం చెబుతున్నట్టే ఉంది. విచారణ బోర్డు తన నివేదికలో ఆ స్లయిడ్‌ను ప్రత్యేకంగా పట్టి చూపించింది. అంత చదువుకున్నవాళ్లే అడుగు లైను దగ్గర ఆగలేకపోయారు. నైట్ షిఫ్టు చేసి మధ్యాహ్నం క్లాసుకొచ్చిన మన హెల్పరు ఆగాలని ఎలా అనుకుంటాం?

తెర మీద లైన్లుంటే మీరు వాటిని పైకి చదువుతారు. అది అందరికీ ఉండే అలవాటే. కానీ కళ్లతో చదవడం, చెవులతో వినడం రెండూ ఒకేసారి అవే మాటల మీద జరిగితే మనసు దేన్నీ పట్టుకోదు. రిచర్డ్ మేయర్ అనే సైకాలజిస్టు దీని మీద చాలా ఏళ్లు ప్రయోగాలు చేశాడు. బొమ్మ చూపిస్తూ నోటితో చెబితే మనుషులు బాగా నేర్చుకుంటారు, అదే మాటలు తెర మీద కూడా రాస్తే నేర్చుకోవడం తగ్గుతుంది అని తేల్చాడు. నేను పాటించే పద్ధతి తేలిక. నోటితో చెప్పగలిగింది తెర మీద రాయను. నోటితో చెప్పలేనిదే, అంటే వాల్వు ఎటు తిరుగుతుంది, క్లిప్ ఎక్కడ పడుతుంది, రంగు ఎలా మారుతుంది, అదే చూపిస్తాను.

ఇక తెలుగు సంగతి. దీని గురించి ఎవరూ పట్టించుకోరు కాబట్టి కొంచెం ఎక్కువ చెప్పాలి. హెడ్డాఫీసు వాళ్లు కొన్నిసార్లు తెలుగు ఫైలు కూడా పంపిస్తారు. దాన్ని తెరిస్తే ‘పరిమిత ప్రాంగణ ప్రవేశం’ అని ఉంటుంది. ఇరవై ఏళ్ల సర్వీసున్న ఆపరేటరుకు కూడా అదేమిటో తెలియదు. ‘ట్యాంకు లోపలికి దిగే పని’ అనండి, వెంటనే తలెత్తి చూస్తాడు. ‘స్థిర విద్యుత్తు’ కన్నా ‘స్టాటిక్ కరెంటు’ అనండి, బ్లాకులో అందరూ అనేది అదే. మీ ఫైలు ఒక సీనియర్ ఆపరేటరు పక్కన కూర్చుని చదవండి. అతను ‘అంటే?’ అన్న చోటల్లా మాట మార్చండి. నేను ప్రతి కొత్త ఫైలుకూ ఇప్పటికీ ఇదే చేస్తాను.

అక్షరాల సైజు విషయంలో ఇంగ్లిషు లెక్క తెలుగుకు పనికిరాదు. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, పక్కన దీర్ఘం. ఇంగ్లిషులో 24 సైజు వెనక బెంచీకి కనిపిస్తే తెలుగులో 36 పెట్టాలి. లైన్ల మధ్య ఎడం కూడా పెంచాలి, లేకపోతే పై లైను ఒత్తు కింది లైను గుడికి తగిలి ‘క్ష్మ’ లాంటివి మసకబారిపోతాయి. పెట్టాక మీరే వెళ్లి ఆఖరి కుర్చీలో కూర్చుని చూడండి. అక్కడ కళ్లు చిట్లించాల్సి వస్తే ఆ లైను తీసేయండి.

ఫాంటు గొడవ ఇంకొకటి. డీటీపీ వాళ్లతో అను ఫాంట్లలో చేయించిన స్లయిడ్లు వేరే కంప్యూటర్లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు వస్తాయి. అది యూనికోడ్ కాదు, ఆ ఫాంటు ఉన్న మెషీన్లోనే పనిచేస్తుంది. నలభై మంది కూర్చుని ఉండగా ఇది జరిగితే వచ్చే టెన్షన్ మామూలుగా ఉండదు. విండోస్‌తో పాటే వచ్చే నిర్మలా యూఐ గానీ, ఉచితంగా దొరికే నోటో సాన్స్ తెలుగు గానీ వాడండి. సేవ్ చేసేటప్పుడు ఆప్షన్స్‌లో సేవ్ కిందకు వెళ్లి, ఫాంట్లను ఫైల్లోనే ఎంబెడ్ చేసే పెట్టెలో టిక్ పెట్టండి. ఒక పీడీఎఫ్ కాపీ కూడా పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి.

మీ నలభై మందిలో ఒడిశా, బీహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది? పాశమైలారంలో నా క్లాసుల్లో సగానికి సగం వాళ్లే ఉండేవాళ్లు. తెలుగు స్లయిడ్ చదవలేరు, ఇంగ్లిషూ చదవలేరు, అడగడానికి మొహమాటం. ఒకే స్లయిడ్ మీద మూడు భాషలు పెడితే మూడూ చిన్నవైపోతాయి. ఫొటో ఒక్కటే పెట్టి, తెలుగులో నేను చెప్పి, వాళ్లలోనే పాత వర్కర్ ఒకతన్ని హిందీలోనో ఒడియాలోనో చెప్పమనేవాణ్ణి. వీలైతే వాళ్ల బ్యాచ్ వేరుగా పెట్టించండి. కష్టమే, షిఫ్టు ఇన్‌ఛార్జిలు మనుషుల్ని వదలరు. అయినా పట్టుబట్టండి. ప్రమాదం జరిగినప్పుడు ముందు వరసలో ఉండేది వాళ్లే.

ఫొటోలు ఇంటర్నెట్ నుంచి తేకండి. కోటు వేసుకుని నవ్వుతూ హెల్మెట్ పట్టుకున్న విదేశీయుడి బొమ్మ చూడగానే మన ఆపరేటరు ఇది నా సంగతి కాదు అనుకుంటాడు. మీ బ్లాకు ఫొటోలే తీయండి. అయితే ఒక జాగ్రత్త: సాల్వెంట్ ఏరియాలోకి ఫోన్ తీసుకెళ్లకూడదని మనమే చెబుతాం, మనమే ఫోన్ తీస్తే ఇక మన మాట ఎవరు వింటారు? షట్‌డౌన్‌లో లైన్లు ఖాళీ చేసి, గ్యాస్ మీటరుతో ఆవిరి లేదని చూసి, పర్మిట్ రాయించుకుని తీయండి. మనుషుల మొహాలు రానివ్వకండి. తప్పు చేసినవాణ్ణి తెర మీద నిలబెడితే రేపటి నుంచి ఒక్క నియర్ మిస్ కూడా మీ చెవిన పడదు.

క్లాసు మొదలుపెట్టే తీరు గురించి. మొదటి స్లయిడ్ కంపెనీ లోగో, రెండోది విషయ సూచిక, మూడోది సేఫ్టీ పాలసీ. ఈ మూడూ అయ్యేసరికే మీ పది నిమిషాలు, వాళ్ల శ్రద్ధ రెండూ పోతాయి. వాటిని తీసేయండి. తలుపు మూసి, ప్రొజెక్టరు వెలిగించకుండానే ఒక ప్రశ్న అడగండి. ట్యాంకులోకి దిగే పని గురించి నేను అడిగేది ఇది: ‘రియాక్టరు లోపల మీ తోటివాడు పడిపోయి ఉన్నాడు. మ్యాన్‌హోల్ లోంచి కనిపిస్తున్నాడు. పిలిస్తే పలకడం లేదు. మీరేం చేస్తారు?’ అడిగి ఊరుకోండి. ఎంతసేపైనా సరే. ఆ నిశ్శబ్దానికి కంగారుపడి జవాబు మీరే చెప్పేస్తే అంతా పోయినట్టే. పది సెకన్లు గంటలా అనిపిస్తాయి, ఓర్చుకోండి. ఎవరో ఒకరు ‘దిగి లాగుతాం సార్’ అంటారు. చాలామంది తలాడిస్తారు. అది మంచి మనసుతో అనే మాట. దానికి నవ్వకండి, తప్పు అని కొట్టిపారేయకండి.

అప్పుడు చెప్పండి. గాలిలో 78 శాతం నైట్రోజనే, 21 శాతం ఆక్సిజన్. నైట్రోజన్ బ్లాంకెట్ ఉన్న, అంటే మంట పుట్టకుండా లోపల నైట్రోజన్ నింపిన రియాక్టరులో ఆ ఆక్సిజన్ ఉండదు. 19.5 శాతం కంటే తగ్గితేనే లోపలికి వెళ్లకూడదని లెక్క. ఇక దాదాపు లేనప్పుడు ఒకటి రెండు సార్లు ఊపిరి పీల్చేసరికే స్పృహ పోతుంది. వాసన రాదు, మంట పుట్టదు, ఊపిరాడనట్టు కూడా అనిపించదు. ఎందుకంటే మనకు ఉక్కిరిబిక్కిరి అనిపించేది ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగితేనే, ఆక్సిజన్ తగ్గితే కాదు. కాబట్టి దిగినవాడికి తను పడిపోబోతున్నాడని తెలియనే తెలియదు. అమెరికాలో నియోష్ అనే సంస్థ 1986లోనే హెచ్చరించింది: ఇలాంటి చోట్ల చనిపోయినవాళ్లలో 60 శాతానికి పైగా కాపాడదామని దిగినవాళ్లే. ఈ ఒక్క అంకె చెప్పినప్పుడు గదిలో ఎంత నిశ్శబ్దం వస్తుందో మీరే చూస్తారు. ఇందాక ‘దిగి లాగుతాం’ అన్న మనిషి ముఖం చూడండి. ఇక అప్పుడు ప్రొజెక్టరు వెలిగించి మీ ప్లాంటు మ్యాన్‌హోల్ ఫొటో, పక్కనే వేలాడే హార్నెస్ (ఒంటికి కట్టుకునే పట్టీలు), ట్రైపాడ్ (మనిషిని పైకి లాగే మూడు కాళ్ల స్టాండు), అలారం బటన్ చూపించండి. ‘ముందు ఏది ముట్టుకోవాలి?’ అని అడగండి. ఇక చెప్పాల్సిందంతా వాళ్లే చెబుతారు.

ప్రశ్న ముందు, జవాబు తర్వాత. మన స్లయిడ్లు చాలావరకు దీనికి తలకిందులు. జవాబంతా తెర మీద పెట్టి చివర్లో ‘ఎనీ క్వశ్చన్స్?’ అంటాం. ఎవరూ నోరు మెదపరు. సూపర్‌వైజరు వెనక కూర్చుని ఉంటే అసలే మాట్లాడరు. వీలైతే సూపర్‌వైజర్లకు వేరే క్లాసు పెట్టండి. ‘ఎవరికైనా డౌటా?’ అనేకన్నా పక్కపక్క వాళ్లిద్దరినీ ఒక నిమిషం మాట్లాడుకోమనండి. అందరి ముందూ నోరు విప్పని మనిషి పక్కవాడితో తప్పకుండా మాట్లాడతాడు.

వాళ్లు మాట్లాడుతున్నప్పుడు తెర మీద ఏమీ ఉండకూడదు. పవర్‌పాయింట్లో స్లయిడ్ షో నడుస్తుండగా కీబోర్డులో ‘బి’ అక్షరం నొక్కితే తెర నల్లబడుతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. ఇది తెలిసిన రోజు నుంచి నా క్లాసు తీరే మారిపోయింది. తెర వెలుగుతున్నంతసేపూ జనం దాని వైపే చూస్తారు, ఆరగానే మీ వైపు, ఒకరి వైపు ఒకరు చూస్తారు. ఎవరైనా పాత స్లయిడ్ మళ్లీ చూపించమంటే వెనక్కి నొక్కుకుంటూ పోకండి, స్లయిడ్ నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే సరిపోతుంది. నంబర్లు ఒక చీటీ మీద రాసుకుని పక్కన పెట్టుకోండి.

వీడియోల గురించి అడిగారు. రెండు నిమిషాలు దాటనివ్వకండి. మధ్యలో ఆపి ‘ఇప్పుడేం జరుగుతుంది?’ అని అడిగేందుకు వీలున్నదైతేనే పెట్టండి. యానిమేషన్ ఒక్కచోటే వాడతాను, వాల్వులు ఏ వరసలో తెరవాలో చూపించడానికి. జోకులు వద్దు. ప్రాణాల సంగతి మాట్లాడుతున్నాం, వాళ్లకూ అది తెలుసు.

భోజనాలయ్యాక రెండింటికి క్లాసు అన్నారు. ఆ టైమును మార్చడమే మంచిది. షిఫ్టు మారే ముందు అరగంట చొప్పున వారానికి ఒకటి ఇమ్మని ప్రొడక్షన్ హెడ్‌ను అడగండి. రెండు గంటల పాటు నలభై మంది లైను వదలడం కన్నా ఇరవై మంది అరగంట వదలడం వాళ్లకూ తేలిక. మారకపోతే మాత్రం ఆ టైముకు ఏసీ చల్లగా పెట్టి, లైట్లు ఆర్పి, ఒక్కరే మాట్లాడటం మానండి. లైట్లు వెలుగుతూనే ఉండాలి. స్లయిడ్లో ఫొటో ఉంటే ఆ వెలుగులోనూ కనిపిస్తుంది, సన్న అక్షరాలే కనిపించవు.

చివరగా, నేర్చుకున్నారో లేదో తెలుసుకోవడం. క్లాసు చివర పది ప్రశ్నల పేపరు, అందరికీ పదికి పది. పక్కవాడిది చూసి రాస్తారు, మనమూ చూడనట్టే ఉంటాం. జర్మనీలో ఎబింగ్‌హౌస్ 1885లోనే తన మీద తాను పరీక్షలు చేసుకుని, నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మొదటి గంటల్లోనే జారిపోతుందని రాశాడు. తర్వాత 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు ఇంకో సంగతి చూపించారు. ఒకసారి చదివాక మళ్లీ మళ్లీ చదివినవాళ్లకన్నా, గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. దీన్ని బట్టి నేను చేసేది ఇదే. క్లాసు అయిన మూడో రోజు బ్లాకుకు వెళ్తాను. డ్రమ్ము దగ్గరున్న మనిషిని ‘అన్నా, క్లిప్ ఎక్కడ పెడతావు? పెట్టి చూపించు’ అంటాను. పెడితే నా రికార్డులో టిక్. పెట్టలేకపోతే అక్కడే, ఆ డ్రమ్ము మీదే, రెండు నిమిషాల క్లాసు. తర్వాత వారం మళ్లీ. అటెండెన్స్ షీటు కన్నా ఈ కాగితమే ఆడిటర్లకు ఎక్కువ నచ్చుతుంది, నేను చూశాను.

ముందు నిలబడితే గొంతు వణుకుతోందని మీ ప్రశ్న చివర్లో ఒక్క మాట రాసి వదిలేశారు. ఏడు నెలలే అయింది, అది సహజం. నాకు సాయపడింది ఒకటే. మొదటి రెండు నిమిషాల మాటలు మాత్రం రాసుకుని, ఖాళీ ట్రైనింగ్ హాల్లో నిలబడి పైకి చెప్పుకునేవాణ్ణి, నాలుగైదు సార్లు. మనసులో అనుకోవడం వేరు, పైకి అనడం వేరు. మిగతాది బట్టీ పట్టకండి. క్లాసుకు పది నిమిషాల ముందే వెళ్లి, వచ్చేవాళ్లను పేరు పెట్టి పలకరించండి. ‘మీ బ్లాకులో కొత్త సెంట్రిఫ్యూజ్ వచ్చిందట కదా, ఎలా ఉంది?’ అని అడగండి. క్లాసు మొదలయ్యేసరికి ఆ గదిలో మీతో ముందే మాట్లాడిన మనుషులు ఆరుగురుంటారు. మీ చూపు వాళ్ల మీద ఆనుతుంది, గొంతు దానంతటదే కుదురుకుంటుంది.

ఈ నెల అన్నీ మార్చాలని చూడకండి. స్టాటిక్ స్లయిడ్ ఒక్కటి తీసుకోండి. స్టోర్స్‌లో ఇండెంటు పెట్టి రెండు క్లిప్‌లు తీసుకోండి, ఒకటి కొత్తది, ఒకటి పళ్లు అరిగింది. స్క్రాప్ యార్డులో రంగున్న డ్రమ్ము మూత దొరుకుతుంది, బాగా కడిగించి ఆరనిచ్చి తెచ్చుకోండి. మీటరు ఎలక్ట్రికల్ వాళ్లు ఇస్తారు. క్లాసు అయ్యాక ఏ ప్రశ్న దగ్గర గది నిశ్శబ్దమైందో, ఎవరు లేచి వచ్చారో ఇక్కడే రాయండి. రెండో స్లయిడ్ ఏది మార్చాలో అది చూసి చెబుతాను.